సుజాత అడిగిన అప్‌గ్రేడ్

నిన్న మధ్యాహ్నం మూడున్నరకు నా భార్య సుజాత చనిపోయింది.

చాలామంది ఫోన్ చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున పదింటికి ఇద్దరం కోరుట్లలో మా ఇళ్ల ప్లాన్ల ఆఫీసు తెరిచాం. రెండింటి దాకా సిస్టమ్ ముందే కూర్చుంది. టిఫిన్ బాక్సు తెరిచి, ఆకలి లేదంది. ఎడమ చెయ్యి లాగుతోందంది. కారులో జగిత్యాల తీసుకెళ్లాను. మేడిపల్లి దాటేదాకా మాట్లాడింది.

డాక్టర్లు ప్రయత్నించారు. గుండె ఆగిపోయిందన్నారు.

విన్నాను. ఆ మాట నాతోనే అంటున్నారని తెలియడానికి కొంతసేపు పట్టింది.

ఈరోజు పొద్దున దహనం అయిపోయింది.

తెలియనివాళ్ల కోసం. సుజాతది సిరిసిల్ల పక్కన ఎల్లంతకుంట. వాళ్ల నాన్న కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. తను సివిల్‌లో డిప్లొమా చేసింది. మా ఆఫీసులో కొలతలు తెచ్చేది నేను, ఇల్లు గీసేది తను. పన్నెండేళ్లుగా ఇంతే.

మొదటి ఏడాది సిరిసిల్లలో ఒక పవర్‌లూమ్ ఆసామికి ఇల్లు గీసింది. కింద మగ్గాలు, పైన కాపురం. అంతా పూర్తయ్యాక ఆసామి పిలిపించాడు.

"మేడమ్, ఇల్లు సక్కగున్నది. గని బీము లోపలికి ఎట్ల పోవాలె? మడ్తవెట్టి తీస్కపోమంటవా?"

నూలు చుట్టిన బీము మనిషంత పొడుగుంటుంది. తను గీసిన సందులో అది మలుపు తిరగలేదు. సుజాత వాదించలేదు. గోడ పగలగొట్టించి, మళ్లీ కట్టేదాకా అక్కడే నిలబడింది.

ఆ తర్వాత ఎవరి ఇల్లు గీసినా మొదట ఒకటే అడిగేది. "మీ ఇంట్లకొచ్చే అన్నిట్లకన్న పొడుగు సామాను ఏంది?"

బీరువా అనేవారు, మంచం అనేవారు. బుగ్గారం నుంచి వచ్చిన ఒకాయన "మా పెద్దల్లుడు" అన్నాడు. దాన్ని కూడా రాసుకుంది.

పోయిన నెల కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేసింది. మా దగ్గరున్నది పాతది, గీతలు మాత్రమే గీస్తుంది. కొత్తదాంట్లో గోడలు లేచి నిలబడతాయి, లోపల తిరిగి చూడవచ్చు.

నేను వద్దన్నాను. ఫైళ్లన్నీ పాతదాంట్లో ఉన్నాయి. మేస్త్రీలకు కావలసింది కాగితమే. కారణాలు చాలా చెప్పాను. అసలు కారణం, కొత్తది నాకు రాదు. పాతదాంట్లో చిన్న మార్పులైనా చేయగలను.

తను గొడవ పడలేదు. సిరిసిల్ల ఇంటిని కొత్తదాంట్లో మళ్లీ గీసింది, పాత తప్పుతో సహా. ఇల్లు స్క్రీన్ మీద అద్దంలా కనిపించింది. బీము తిరగదన్న సంగతి మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ చెప్పలేదు.

"మన తప్పు ఇది పట్టది. నేను అడిగేది నేను అడగాల్సిందే" అంది.

నేను గెలిచాననుకున్నాను.

పోయిన వారం మేడిపల్లి నుంచి రాజవ్వ వచ్చింది. భర్త దుబాయ్‌లో ఉంటాడు. మేం పంపిన ప్లాన్‌కి వాట్సాప్‌లో ఓకే చెప్పాడు. ఆమె మాత్రం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి కింద పెట్టేసింది.

"గీ గీతలు నాకు సమజ్ గావమ్మా."

సుజాత ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, కొత్తదాంట్లో వంటింట్లోకి తీసుకెళ్లింది. రాజవ్వ రెండు నిమిషాలు చూసి స్క్రీన్ మీద వేలు పెట్టింది.

"గీ కిటికీల కెళ్లి కొట్టం కనబడ్తలేదు. బర్రె తాడు తెంపుకుంటె నాకెట్ల ఎర్కైతది? ఆయన దుబాయ్‌ల ఉండి ఓకే అంటడు. పొయ్యి కాడ నిలబడేది నేను గాదా?"

ఆమె చెప్పిన చోటికి సుజాత కిటికీ జరిపింది. ఆ ఇల్లంతా కొత్తదాంట్లోనే గీయడం మొదలుపెట్టింది.

నిన్న పొద్దున నా వైపు తిరిగి అడిగింది. "తీస్కుందాం. ఇన్నేండ్లు ఆడోళ్లు కాగితం జూసి తలూపిండ్రు. తెల్సి ఊపిండ్రనుకున్న. ఇగ చెప్పుర్రి సారూ, సరేనా?"

"ఆలోచిద్దాం" అన్నాను.

"ఆలోచించుర్రి. ట్రయల్ ఎల్లుండి దాకనే" అని నవ్వి మళ్లీ గీయసాగింది.

నా జవాబు వినకుండానే వెళ్లిపోయింది.

రేపటితో ట్రయల్ అయిపోతుంది. కొనకపోతే రాజవ్వ ఇల్లు సగంలో ఆగిపోతుంది. ఆ ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. దినాలు అయ్యేదాకా షట్టర్ తీయకూడదని ఇంట్లో అందరూ అంటున్నారు. గీసే మనిషే లేనప్పుడు కొత్తది దేనికని మా అన్న అడిగాడు. తప్పు ప్రశ్న కాదు.

సాయంత్రం అత్తమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"నలుగురు నాలుగంటరు కొడుకా. అననీ. నా బిడ్డ సగం గీసిన ఇల్లు ఎన్నడన్న ఇడిసిపెట్టిందా? రేపు మూడో దినం పిట్టకు పెట్టినంక పో."

నాకిప్పుడు సందేహం లేదు. కొత్తది నేర్చుకోవడానికి ఎన్నాళ్లయినా పట్టనీ. అడగాల్సిందేమిటో పన్నెండేళ్లు పక్కనే కూర్చుని విన్నాను.

సుజాతా, సరే. ఆలస్యంగా చెప్తున్నాను.

నువ్వు ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.

రేపు పొద్దున పిట్టకు పెట్టి, స్నానం చేసి, కోరుట్ల వెళ్లి షట్టర్ తీస్తాను. అప్‌గ్రేడ్ చేస్తాను. రాజవ్వకు ఫోన్ చేసి, తీరిక చూసుకుని రమ్మంటాను. మిగిలిన గదులు ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే గీస్తాను.