ముందే తెరుచుకునే వాల్వు

మంగళవారం పొద్దున వ్యాను రాలేదు. అమ్మ సంచి సర్దుకుని, దుప్పటి మడిచి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. వ్యాను నడిపే మామ ఆలస్యం చేసే మనిషి కాదు కాబట్టి టైరు పంక్చరై ఉంటుందనుకున్నాం. ఫోను చేస్తే అత్త ఎత్తింది. "మీ మామ పోయినాడు పాపా" అని ఒక్క మాట చెప్పి, ఫోను పక్కన పెట్టేసినట్టుంది. ఆ ఇంట్లో ఏడుపులు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఫోను పెట్టేయడానికి చెయ్యి రాలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. సింహాద్రిపురం దగ్గర మా ఊళ్లో వెనక వీధి మనిషి. అమ్మ ఆయన్ని అన్నా అంటుంది కాబట్టి నాకు మామ. అమ్మ కిడ్నీలు చెడిపోయి, వారానికి మూడుసార్లు ప్రొద్దుటూరులో డయాలసిస్ చేయించుకోవాలని డాక్టర్లు చెప్పిన రోజు, బస్సుల్లో ఎలా తిప్పాలిరా దేవుడా అని నేను తల పట్టుకుంటే, రేపు పొద్దున రెడీగా ఉండండి అని చెప్పి వెళ్లిపోయాడు. పెళ్లిళ్లకూ సంతలకూ తిరిగే ఆ పాత డీజిలు వ్యాను ఆ రోజు నుంచి రోగుల బండి అయింది. పులివెందులలో ఇద్దరు, జమ్మలమడుగులో ఒక ముసలాయన ఎక్కేవారు.

పోయినవాళ్లకు ఓర్పు అంటగట్టడం మనకు అలవాటు. మామకు ఓర్పు లేదు. ఎర్రగుంట్ల వైపు పోయే సిమెంటు లారీలతో పోట్లాడేవాడు, రోడ్డు దాటే గేదెలతో పోట్లాడేవాడు, ఆస్పత్రి లిఫ్టుతో కూడా పోట్లాడేవాడు. రోగులతోనైతే మరీ. ఎవరు ఏం తినకూడదో నర్సుల దగ్గర సగం విని, మిగతా సగం తనే కల్పించుకునేవాడు. ఒకసారి పులివెందుల ఆవిడ అరటిపండు తిన్నానని నోరు జారితే, జమ్మలమడుగు వచ్చేదాకా ఆమెకు మాట్లాడే అవకాశమే ఇవ్వలేదు. వంకాయ కూడా తినకూడదని ఆయనే తీర్మానించాడు. డాక్టరుగారు అలాంటిదేమీ లేదన్నా, "ఆయనకేం తెలుసు" అని కొట్టిపారేశాడు. అమ్మ ఆరు నెలలు వంకాయ ముట్టలేదు.

డయాలసిస్ వాళ్లకు అన్నింటికన్నా కష్టం దప్పిక. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదు, ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తుల దాకా వస్తాయి. అందుకని రోజుకు ఇన్ని నీళ్లని కొలిచి ఇస్తారు. మా ఎండల్లో ఆ కొలత ఏ మూలకు? అమ్మ ఒక్క గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా అలాగే పట్టుకుని కూర్చునేది. నేను చూసీ చూడనట్టు పక్కకు తిరిగేదాన్ని. చేయగలిగింది అంతే.

ఆ వేసవిలో వ్యాను ఉడకడం మొదలుపెట్టింది. తిరుగు ప్రయాణంలో, జమ్మలమడుగు దాటి ముద్దనూరు ఘాటు ఎక్కేచోట, మిట్టమధ్యాహ్నం, ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పోయేది. మామ బండి పక్కకు తీసి, కాసేపు ఆగి, క్యాను ఎత్తి రేడియేటరులో నీళ్లు పోసేవాడు. మొదటిసారి అలా పోస్తున్నప్పుడు వ్యానులో వాళ్లందరూ కిటికీల్లోంచి అటే చూశారు. ఆ రోజు జమ్మలమడుగు ముసలాయన కూడా పులివెందులలో కూతురింటికని మాతో వస్తున్నాడు. "దానికి పోసేదాంట్లో ఒక గలాసు నాకు పొయ్యప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. మామ క్యాను మూత బిగించి వచ్చి కూర్చున్నాడు. ఊరు చేరేదాకా ఎవరినీ తిట్టలేదు.

మళ్లీ ప్రొద్దుటూరు వెళ్లిన రోజు, అమ్మకు డయాలసిస్ మిషను పెట్టగానే, నన్నూ వెంటబెట్టుకుని బైపాసు దగ్గరి షెడ్డుకు పోయాడు. ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య థర్మోస్టాట్ అని ఒక చిన్న వాల్వు ఉంటుంది. ఇంజను వేడెక్కేదాకా మూసుకుని ఉండి, ఆ తర్వాత తెరుచుకుని నీళ్లను రేడియేటరులోకి వదులుతుంది. మా వైపు మెకానిక్కులు ఎండాకాలం వచ్చిందంటే దాన్ని పీకి అవతల పారేస్తారు. ఆ షెడ్డు మెకానిక్కూ అదే అన్నాడు. మామ ఒప్పుకోలేదు. వెనకటి బండికి అలాగే పీకించి, చలికాలం తెల్లవారుజామున ఇంజను వేడెక్కక పొగ మింగిన అనుభవం ఉందాయనకు. పాతది ఎనభై రెండు డిగ్రీలకు తెరుచుకుంటుంది కాబట్టి, డెబ్బై ఒకటికే తెరుచుకునేది తెచ్చి వేయమన్నాడు. ఈ బండికి అది వేయరని మెకానిక్కు మొత్తుకున్నా వినలేదు. ఊరంతా గాలించి తెప్పించాడు.

తెచ్చింది మంచిదో కాదో తేల్చుకోవాలిగా. పక్కనున్న టీకొట్టు ఆమెను బతిమాలి, ఒక పాత గిన్నెలో నీళ్లు పెట్టించి, రెండు వాల్వులనూ తీగకు కట్టి అందులోకి వేలాడదీశాడు. టీ కోసం వచ్చినవాళ్లు కూడా చుట్టూ మూగారు. గిన్నె అడుగున బుడగలు పుట్టేసరికి కొత్తది మెల్లగా నోరు తెరిచింది. పాతది ఇంకా బిగుసుకునే ఉంది. మామ ముఖం చూడాలి అప్పుడు! "ఇంగ దోవలో యాడా నిలపాల్సిన పనిలేదు పాపా. వాళ్ల ముందర నీళ్లు పొయ్యాల్సిన పనిలేదు" అన్నాడు. ఈ తిప్పలన్నీ దేనికో నాకు అప్పటిదాకా తట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అందరికీ వాల్వు కథ చెప్పాడు. జమ్మలమడుగు దాకా ముల్లు సగం కిందే ఉంది. గోటితో అద్దం మీద కొట్టి కొట్టి చూపించాడు. డయాలసిస్ నీరసంలో ఉన్న అమ్మ కూడా కళ్లు తెరిచి చూసింది. ఘాటు మొదలయింది. ముల్లు సగం దాటింది. మామ మాటలు తగ్గాయి. ఇంకో మలుపు తిరిగేసరికి అది ఎప్పుడూ పోయే చోటికే పోయి నిలబడింది.

బండి పక్కకు తీశాడు. నేనూ దిగాను. బానెట్టు ఎత్తి, దాని చాటున నిలబడి, క్యాను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "తలుపు మనం ముందే తెరుస్తాం పాపా. బయట గాలే నిప్పు మాదిరి ఉంటే మనమేం చేస్తాం" అన్నాడు.

ఆ తర్వాత రేడియేటరు కడిగించాడు, ఫ్యాను బెల్టు మార్పించాడు. అయినా ఘాటు ఘాటే. చివరికి ఇంజను వేడి కొంత లాగేస్తుందని, వ్యానులో హీటరు పెట్టేవాడు. మే నెలలో, మధ్యాహ్నం, నాలుక పిడచకట్టిన మనుషుల ముఖాలకు వేడిగాలి! బండి ఆగకుండా కొండ దాటితే చాలని అందరం కిటికీల్లోకి తలలు పెట్టి కూర్చునేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే ఆ బండిని బతికించాలని చూసినవాళ్లమో, మమ్మల్ని మేం బతికించుకోవాలని చూసినవాళ్లమో నాకు తెలియదు. రెండూ మా చేతుల్లో లేవు.

మంగళవారం అమ్మ చెయ్యి పట్టుకుని వెనక వీధికి తీసుకుపోయాను. మామను చాప మీద పడుకోబెట్టారు. శనివారం మమ్మల్ని దింపి వచ్చినప్పటి నుంచి తల తిరుగుతోందన్నాడట. సోమవారం రాత్రికి పులివెందుల తీసుకుపోతే వడదెబ్బ అన్నారు, గుండె అన్నారు, తెల్లవారేసరికి లేడన్నారు. అత్త అమ్మను పట్టుకుని ఏడుస్తూ చెప్పింది. "నీళ్ల సీసా చేతికిస్తే ఈడనే పెట్టి పోతాడు. వాళ్లందరూ చూస్తాంటే ఎట్ల తాగేది అంటాడు. ఎంత చెప్పినా ఇనల్యా."

ఇన్నాళ్లూ ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. నేను గమనించలేదు. అమ్మ మాత్రం నేల మీద అలాగే కూర్చుండిపోయింది. ఈ రోజు ప్రొద్దుటూరు పోనంది. పోనంటే కుదరదు, పోయినసారి ఒక్క పూట తప్పితేనే ఊపిరాడక ప్రాణం మీదికొచ్చింది. మధ్యాహ్నం ఖననం. ఉంటే అమ్మకు ముప్పు, పోతే ఆయన మీద పిడికెడు మన్ను వేసే రాత లేదు. అత్తే కళ్లు తుడుచుకుని అంది. "నువ్వు పోమ్మా. నీగ్గూడ ఏమన్నా అయితే, ఆయప్ప ఇన్ని దినాలు తిరిగింది దేనికి?"

పులివెందులలో కారు మాట్లాడుకుని వెళ్లాం. మిషను మీద ఉన్నంతసేపూ అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తిరిగి వస్తుంటే ఘాటు కింద డ్రైవరు కారు ఆపాడు. ఇంజను చల్లగానే ఉంది, దాహమై ఆపాడు. సీసా మూత తీసి, వెనక్కి చూసి, ఇది డయాలసిస్ బేరమని గుర్తొచ్చిందేమో, మూత మళ్లీ పెట్టబోయాడు.

అమ్మ ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "తాగు నాయనా. నా ముందరే తాగు" అంది.

ఆయన మొహమాటపడుతూ సీసా ఎత్తాడు. అమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నీళ్లు ఆయన గొంతులోకి దిగుతుంటే, ఆఖరి చుక్క దాకా, రెప్ప వేయకుండా చూసింది.