ఓటు లేని మా అమ్మ పెట్టిన ఉప్మా

మా చిన్నప్పుడు... అక్టోబర్ వచ్చిందంటే చాలు, మా అపార్ట్‌మెంట్ బెల్ మోగుతూనే ఉండేది. ఎన్నికలు కదా... చేతిలో కరపత్రాలు పట్టుకుని, చలికి ముక్కులు ఎర్రబడిపోయి, ఓట్లడగడానికి ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు.

డెట్రాయిట్ పక్కన చిన్న ఊరు మాది. నాన్న కార్ల కంపెనీలో ఇంజినీర్. బెల్ మోగగానే టీవీ సౌండ్ తగ్గించేసి, "ఉష్... మనం ఇంట్లో లేం" అనేవారు. అమ్మ మాత్రం చేతిలో అట్లకాడతోనే వెళ్ళి తలుపు తీసేసేది.

"చలిలో పడి వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపించేస్తామా? బాగానే ఉంది మీ వరస!" అని నాన్న మీద విసుక్కునేది.

లోపలికి రమ్మనడం, బూట్లు విప్పే చోటు చూపించడం, పొయ్యి మీద ఏదుంటే అది ప్లేటులో పెట్టడం... చాలాసార్లు ఉప్మానే. మూడో క్లాసు చదువుతున్న నేను ట్రాన్స్‌లేటర్ని. వాళ్ళ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే... మీకు ఓటుందా అని. ఇంకా సిటిజెన్‌షిప్ రాలేదని అమ్మ చెప్పేది. అంతే... ముక్తసరిగా నవ్వి, థాంక్యూ చెప్పి, ఉప్మా వంక కూడా చూడకుండా మెట్లు దిగిపోయేవాళ్ళు. అమ్మ ముఖం చిన్నబోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

అమ్మకి వాళ్ళతో నిజంగానే పనుంది మరి. మా అపార్ట్‌మెంట్ నుంచి స్కూలుకి వెళ్ళే పెద్ద రోడ్డు పక్కన ఫుట్‌పాత్ లేదు. దగ్గరే కదా అని స్కూల్ బస్సు రాదు. అమ్మకి డ్రైవింగ్ రాదు. చెల్లిని స్ట్రోలర్‌లో తోసుకుంటూ, నా చెయ్యి పట్టుకుని, మంచు కప్పేసిన గడ్డి మీద నడిచేది. ఒకసారి స్ట్రోలర్ జారి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది... ఎదురుగా వస్తున్న కారాయన బ్రేక్ వేశారు కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి, చెల్లిని ఒళ్ళో పెట్టుకుని అమ్మ ఎంతసేపు ఏడ్చిందో!

ఆ ఏడాదే ఎలెన్ అనే ఆవిడ వచ్చింది. సిటీ కౌన్సిల్‌కి స్వయంగా పోటీ చేస్తున్న మనిషి. ఓటు లేదని చెప్పినా, బూట్లు విప్పి వచ్చి కూర్చుంది. పచ్చిమిరపకాయ తగిలి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తింటూనే ఉంది, మహాతల్లి! అమ్మ రోడ్డు సంగతంతా చెప్పింది. ఓటు లేకపోయినా అక్కడ నడిచేది మీరే కదా, రేపు పొద్దున నేనూ వస్తాను అంది ఆవిడ. నేను తెలుగులో చెబితే అమ్మ నమ్మలేదు.

"సరిగ్గా విన్నావుటే? ఇంకోసారి అడుగు" అంది.

వచ్చింది. స్ట్రోలర్ తనే తోస్తూ, మంచులో స్కూలు దాకా నడిచింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆవిడ 'ఎలెనమ్మ' అయిపోయింది. ఆ ఎన్నికలో గెలిచింది కూడా. ఫుట్‌పాత్ గురించి మీటింగుల్లో అడుగుతూనే ఉండేది గానీ, మిగతావాళ్ళు కలిసిరావాలి కదా... పని కదల్లేదు.

ఇంతలో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. చెల్లి కూడా అదే గడ్డి మీద స్కూలుకి నడిచే వయసుకొచ్చింది. అమ్మకి సిటిజెన్‌షిప్ వచ్చింది. మొదటి ఓటు! తీరా చూస్తే, ఎలెనమ్మ మీద పోటీకి మన తెలుగాయనే నిలబడ్డారు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో ఒకటే మాట... "మనవాడికి మనం వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారండీ?" అని. నాన్నదీ అదే పాట.

"మన భాష మాట్లాడే మనిషి ఒకరు అక్కడ ఉండాలని నాకు మాత్రం ఉండదా?" అంటూ అమ్మ తెగ మథనపడింది.

ఆయన మా ఇంటికీ వచ్చారు. ఆయనకీ ఉప్మా పెట్టింది. ఈసారి నా అవసరం లేకుండా తనే అడిగింది.

"ఆ స్కూలు రోడ్డు మీద ఎప్పుడైనా నడిచారా అన్నయ్యగారూ?"

"నడవడం ఎక్కడమ్మా... అందరం కార్లలోనే కదా" అని ఆయన నవ్వేశారు.

అమ్మ కూడా నవ్వి, ఇంకాస్త ఉప్మా వడ్డించి, "అయితే ఈసారికి నా ఓటు ఎలెనమ్మకే. ఏమీ అనుకోకండి" అని మొహం మీదే చెప్పేసింది! నాన్న తల పట్టుకున్నారు.

ఎలెనమ్మ ఓడిపోయింది. "నీ మొదటి ఓటు వేస్టయిపోయిందిగా!" అని నాన్న ఆటపట్టించారు. ఆ శనివారం అమ్మ స్టీలు డబ్బాలో వేడివేడి ఉప్మా సర్దుకుని, మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని, గెలిచిన ఆయన ఇంటికి వెళ్ళి బెల్ కొట్టింది. నాకైతే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నేను మీకు ఓటు వెయ్యలేదు అన్నయ్యగారూ. అయినా మా పిల్ల నడిచేది మీ ఊళ్ళోనే కదా... సోమవారం పొద్దున మాతో ఒకసారి వస్తారా?" అంది.

ఆయన బిత్తరపోయి చూశారు. తర్వాత డబ్బా అందుకుని, "వస్తానమ్మా" అన్నారు.

వచ్చారు. సగం దారిలో పెద్ద ట్రక్కు ఒకటి మా పక్కనుంచి దూసుకుపోయింది. ఆయన గభాలున చెల్లిని దగ్గరికి లాక్కున్నారు. స్కూలు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఇక అమ్మ ప్రత్యేకంగా చెప్పాల్సిందేమీ లేకపోయింది. మరుసటి ఏడాది వేసవికి ఫుట్‌పాత్ వేశారు. మొదటి రోజు దాని మీద నడవడానికి అమ్మ ఎలెనమ్మనీ పిలిచింది, ఆయన్నీ పిలిచింది. ఇద్దరూ వచ్చారు.

ఇప్పుడు నేను డెట్రాయిట్ దగ్గరే ట్రాయ్ అనే ఊళ్ళో ఉంటున్నాను. ఇప్పుడెవరూ బెల్ మోగితే తలుపు తీయడం లేదు... ఫోన్‌లో కెమెరా చూసి ఊరుకుంటున్నాం. ఎవరికి వెయ్యాలో వాట్సాప్ గ్రూపులే చెప్పేస్తున్నాయి. ప్రతి ఎన్నికకీ అమ్మ ఫోన్ చేస్తుంది. ఎవరికి వేస్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. "ఎవర్నయినా ఏమైనా అడిగావా?" అంటుంది, అంతే.

ఓటు లేని మా అమ్మ మాట కూర్చుని విన్న ఎలెనమ్మకి, తనకి ఓటు వెయ్యకపోయినా వచ్చి నడిచిన ఆ తెలుగాయనకి... ఈ దేశం మాదని నాకు అనిపించేలా చేసింది మీరిద్దరే. మీ మేలు మరువలేను.

మొన్న సాయంత్రం బెల్ మోగింది. మా అమ్మాయి కెమెరా చూసి, "అమ్మా, ఎలక్షన్ వాళ్ళు. ఓపెన్ చెయ్యకు" అంది. స్టవ్ సిమ్‌లో పెట్టి, అట్లకాడ చేతిలో ఉండగానే వెళ్ళి తీశాను...

మీ ఇంట్లో ఓట్లడగడానికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడింది ఎవరు? ఏం పెట్టేవాళ్ళు, ఏం అడిగేవాళ్ళు? చెప్పరూ... వినాలనుంది.