తాళాలక్క వేసిన తాళం

ఆవిడ నడుముకు తాళాల గుత్తి ఏమీ వేలాడదు. అయినా ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ తాళాలక్కే. లిఫ్టులు బిగించి, చెడిపోతే బాగుచేసే కంపెనీ అది. అక్కడ మెకానిక్కు మొదలు యజమాని దాకా ఎవరి చేతిలో కంపెనీ ఫోను ఉన్నా దాని తాళం మాత్రం తాళాలక్క కంప్యూటర్లో ఉంటుంది. ఎవరి మెయిలు తెరవాలన్నా, ఎవరిది మూయాలన్నా ఆవిడే. అంత అధికారం ఉన్న మనిషికి ఆఫీసులో దక్కిన చోటేమిటయ్యా అంటే, నీళ్ల యంత్రానికీ విరిగిన కుర్చీల గుట్టకూ మధ్య ఒక బల్ల.

నిజానికి ఆవిడ చేరింది ఫోన్లు ఎత్తే పనికి. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు లోపలినుంచి ఫోన్ చేసి గగ్గోలు పెడితే, మెకానిక్కు వెళ్లేదాకా వాళ్లతో మాట్లాడుతూ కూర్చునేది. "గాలి వస్తూనే ఉంటుందండీ, కంగారుపడకండి. ఇంతకీ మీ పిల్లలేం చదువుతున్నారు?" అని మాటల్లో పెట్టేది. ఆ రోజుల్లోనే కంపెనీ మెయిళ్లన్నీ మూలనున్న పాత పెట్టెలోంచి తీసి క్లౌడులోకి ఎక్కించడానికి ఒక నిపుణుడొచ్చాడు. పక్కనే కూర్చుని ఇదేమిటి, అదెందుకు అని అతని ప్రాణం తోడేసింది. పని ముగించి అతను వెళ్లిపోయాడు. పనెక్కడ ముగుస్తుంది? అది ఆవిడ మెడకు చుట్టుకుంది.

ఉన్నచోటినుంచి కదలకుండా ఆవిడ ఏ ఫోనుకైనా తాళం వేయగలదు, పోయినదాన్ని వెతికి పట్టుకోగలదు, మొత్తం తుడిచిపెట్టగలదు. అయితే ఎవరి ఫొటోలూ, ఎవరి సొంత సందేశాలూ చూసే మనిషి కాదు. మరమ్మతు కోసం ఎవరైనా ఫోను చేతిలో పెడితే, "ముందు నీ ఫొటోలు మూసెయ్ నాయనా, ఫోనంటే పడగ్గది లాంటిది" అని మొహం పక్కకు తిప్పుకునేది. పాస్‌వర్డు మరిచిపోయిన గుమాస్తా సిగ్గుపడుతూ పాతది తన పెళ్లాం ముద్దుపేరని చెబితే, ఆ పేరు ఇంకెవరి చెవినా వేయలేదు. భర్త బడి వ్యాను నడుపుతాడు. ఆయన అడిగినా చెప్పలేదు. ఆయనకు నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడకు తెలుసు.

ఉద్యోగం మానేసినవాళ్ల ఫోను ఖాళీ చేయడానికి రెండు దారులున్నాయి. ఆఫీసు భాగం మాత్రమే తీసేసి మనిషి సొంత సరుకు వదిలేయడం ఒకటి, ఇల్లు కడిగినట్టు మొత్తం తుడిచేయడం ఒకటి. తాళాలక్క ఎప్పుడూ మొదటిదే చేసేది. అదీ ముందుగా ఆ మనిషికి ఫోన్ చేసి, "తమ్ముడూ, కావలసినవి తీసి పెట్టుకో" అని ఒక మాట చెప్పాకే.

ఆ పద్ధతి ఒక్కసారి తప్పింది. మెకానిక్కుల్లో నెమ్మదస్థుడని పేరున్న కుర్రాడొకడు ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఫోను చేస్తే అందదు. మెయిలు పెడితే జవాబు లేదు. ఒక ఆసుపత్రి లిఫ్టు, ఒక హోటలు లిఫ్టు మధ్యలో ఆగి ఉన్నాయి. యజమాని ఒంటికాలి మీద లేచాడు.

"వాడు ఎదుటి కంపెనీలో చేరిపోయాడమ్మా. మన భవనాల యంత్రగదుల కోడ్లన్నీ వాడి ఫోనులోనే ఉన్నాయి. మొత్తం తుడిచెయ్. ఇప్పుడే, నా ముందే."

"ఒక్క రోజు చూద్దాం సార్. మంచి కుర్రాడు. అతనితో ఒక మాట మాట్లాడి..."

"నీ మాట వినడానికి వాడు ఫోనెత్తితే కదా!"

అదీ నిజమే. ఆయన వెనక నిలబడి ఉండగా మొత్తం తుడిచే మీట నొక్కింది. ఫోను నెట్‌వర్కులో లేదనీ, రాగానే ఆజ్ఞ అమలవుతుందనీ తెర మీద పడింది. ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడకు ముద్ద దిగలేదు. "ఏమే, నీ ఫోనుకి నువ్వే తాళం వేసుకున్నావా?" అని భర్త నవ్వించబోయాడు. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు పొద్దున మెకానిక్కు బావమరిది పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఆఫీసుకొచ్చాడు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"బావ ఈ సంచి ఇచ్చి రమ్మన్నాడండీ. పనికి అడ్డం కాకూడదన్నాడు. మా చెల్లికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆపరేషను చేసి తీశారు. బాబు గుప్పెడంత ఉన్నాడు, అద్దాల పెట్టెలో పెట్టారు. బావ మెయిలు పెట్టాడు కదా, అందలేదా?"

"ఏ మెయిలు నాయనా?"

"పిల్లల వార్డులో కూర్చుని పెట్టానన్నాడే! అక్కడ ఫోన్లన్నీ విమానంలోలాగా సిగ్నలు కట్టేసుకోవాలట. బావ ఆసుపత్రి వదలడం లేదు, ఫోనుకు మళ్లీ సిగ్నలు పెట్టిందీ లేదు."

తాళాలక్కకు అర్థమైంది. సిగ్నలు లేని ఫోనులో పంపిన మెయిలు ఎక్కడికీ పోదు, గడప లోపలే నిలబడి ఉంటుంది. సెలవడుగుతూ అతను రాసింది ఆ గడప లోపలుంది. ఆవిడ పంపిన ఆజ్ఞ గడప బయటుంది. తలుపు తెరిచిన క్షణాన అది బయటికి, ఇది లోపలికి.

"ఫోనులో ఏమున్నాయి?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఎవరినీ అడగని ప్రశ్న.

"ఏమున్నాయేంటండీ, బాబు ఫొటోలే. చెల్లికి జ్వరం తగ్గలేదు, బాబు దగ్గరికి పోనివ్వడం లేదు. కన్నదన్న మాటే గానీ అది ఇంకా బిడ్డను చూడలేదు. బావ పిల్లల వార్డులో ఫొటో తీసుకొచ్చి దానికి చూపిస్తాడు. దానికి ప్రాణం ఆ ఫోనులోనే ఉంది." గొంతు తగ్గించి, "బాబు నిలబడతాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు" అన్నాడు.

ఆజ్ఞను వెనక్కి పిలుద్దామని చూసింది. పిలిచే మీట లేదు. సేవ అమ్మిన సంస్థకు ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి తియ్యటి గొంతుతో, పంపినది పంపినట్టేనంది. మెకానిక్కుకు చెబుదామా అంటే ఎలా చెబుతుంది? ఆ ఫోను మోగిందంటే సిగ్నలు వచ్చినట్టే, సిగ్నలు వచ్చిందంటే అంతా అయిపోయినట్టే. అతని భార్య ఫోను హడావుడిలో ఇంట్లోనే ఉండిపోయింది. ఆసుపత్రి నంబరు మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు.

"మధ్యాహ్నం డాక్టరు చూసి వెళ్లాక కిందికొచ్చి నాకు ఫోన్ చేస్తానన్నాడు బావ" అన్నాడు బావమరిది, సంగతేమిటో అర్థం కాక.

"పద" అంది తాళాలక్క. కంప్యూటరు చంకన పెట్టుకుని, వైరు కొంగున ముడేసుకుని అతని స్కూటరెక్కింది. పనిముట్ల సంచి దింపాలని ఇద్దరికీ తోచలేదు. స్పీడ్‌బ్రేకరు వచ్చినప్పుడల్లా సంచిలో రెంచీలు గలగలమన్నాయి. దారిపొడవునా ఆవిడ తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఒక్క రోజు ఆగమని యజమానికి గట్టిగా చెప్పలేకపోయిన నోరు, ఇప్పుడు ప్రతి సిగ్నలు లైటునూ తిట్టింది.

బావమరిది సంచితో గుమ్మం బయటే ఆగిపోయాడు. బాలింతల వార్డులో చివరి మంచం. మెకానిక్కు భార్య పక్కకు తిరిగి పడుకుని, రెండు చేతులతో ఫోను పట్టుకుని చూస్తోంది. మొగుడు మంచం పట్టె మీద కూర్చున్నాడు, గడ్డం మాసి ఉంది. తాళాలక్కను చూడగానే లేచి నిలబడ్డాడు. "అక్కా! మీరొచ్చారేంటి? నా మెయిలు చూశారా?"

ఆవిడ కూర్చోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎవరు తుడవమన్నారో చెప్పలేదు, "నొక్కింది నేనే తమ్ముడూ. ఫోనోసారి ఇవ్వు" అంది. అతనికి అర్థమయ్యేలోపే భార్యకు అర్థమైంది. ఫోనును గుండెలకు అదుముకుంది.

"ఇవ్వను" అంది. "తుడిచే మీట నొక్కిందీ మీరే, ఇప్పుడు ఇమ్మంటున్నదీ మీరే. నేనివ్వను మేడం."

"ఇవ్వొద్దమ్మా. నీ చేతిలోనే ఉంచుకో. ఈ వైరు మాత్రం పెట్టనీ. నీ ఎదురుగానే ఫొటోలన్నీ నా కంప్యూటర్లోకి తీసి పెడతాను."

ఆ పిల్ల చివరికి ఫోను వదలకుండానే అడుగు భాగం కాస్త ముందుకు చాపింది. తాళాలక్క వైరు గుచ్చింది. ఫోను నుంచి వైరు ద్వారా ఏదీ బయటికి తీయడానికి కంపెనీ నిబంధన ఒప్పుకోదని తెర మీద వచ్చింది.

ఆ నిబంధన పెట్టింది ఎవరు? కిందటి ఏడాది, యంత్రగదుల కోడ్లు బయటికి పొక్కకూడదని ఆవిడే కూర్చుని వైరుకూ, బ్లూటూతుకూ, అన్నిటికీ ఒకేసారి తాళాలు బిగించింది. యజమాని మెచ్చుకున్నాడు కూడా. ఆ తాళం ఇప్పుడు తీయాలంటే ఫోను నెట్‌వర్కులోకి రావాలి. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే. తాళాలక్క మంచం పక్కన స్టూలు మీద కూలబడింది. కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏడవకండి అక్కా" అన్నాడు మెకానిక్కు. ఫోను కంపెనీది, సిగ్నలు కట్టేసి ఎన్నాళ్లని దాచుకుంటారు?

వార్డు ఆయా బక్కెట్టుతో నేల తుడుచుకుంటూ అటు వచ్చి, అంతా విని, చిరాకు పడింది. "ఏంటమ్మా ఈ గోల? నీకో ఫోనుంది కదా? దాంతో దీన్ని ఫొటో తీసుకో!"

తాళాలక్క తలెత్తి చూసింది. ఇంత చదివి, ఇన్ని మీటలు నొక్కిన బుర్రకు ఆ ముక్క తట్టలేదు మరి.

పని మొదలైంది. తల్లి ఒక్కో ఫొటో తెరిచి పట్టుకుంటుంది, తాళాలక్క తన ఫోనుతో దాన్ని ఫొటో తీస్తుంది. ఎదుటివాళ్ల ఫొటోలంటే మొహం తిప్పుకునే మనిషి, ఇప్పుడు కళ్లార్పకుండా చూస్తోంది. తల్లి ఒక్కోదానికీ కథ చెబుతోంది. "ఇది మొదటిరోజు. టోపీ చూడండి, మొహమంతా టోపీయే. ఇందులో వాళ్ల నాన్న వేలు పట్టుకున్నాడు. ఇది ఆవలింత. ఆవలించాడని ఈయన పరిగెత్తుకొచ్చి చెప్పారు, ఏదో పెద్ద పరీక్ష పాసైనట్టు." చెబుతూ చెబుతూ నవ్వింది. ఎప్పుడు మొదలుపెట్టిందో గానీ, మేడం పోయి వదినా అనడం వచ్చింది.

కిటికీ వెలుతురు తెర మీద పడి ఒక ఫొటో సరిగ్గా రాలేదు. తాళాలక్క తన ఫోను తిప్పి చూసుకుని, "నీ మొహం అద్దంలోలాగా పడుతోంది మరదలా. కాస్త పక్కకు జరుగు, మళ్లీ తీస్తాను" అంది.

"ఏదీ, చూడనివ్వండి."

చూసింది. గాజుపెట్టెలో కళ్లు మూసుకున్న బిడ్డ. ఆ బిడ్డ మీదుగా పల్చగా, వంగి చూస్తున్న తన మొహం. నుదురు బిడ్డ టోపీకి తగులుతోంది.

ఆ పిల్ల ఫోను తీసుకుని మొగుడికి చూపించింది. అతను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"దీన్ని తీసెయ్యకు వదినా" అంది ఆ పిల్ల. "నేనూ వాడూ కలిసి ఉన్నది ఇదొక్కటే."

తరవాతి ఫొటోలకు ఎవరూ పక్కకు జరగలేదు. తల్లి ఇంకాస్త దగ్గరికి వంగింది, వెలుతురు ఎటునుంచి పడితే తన మొహం బాగా పడుతుందో తనే చూసుకుని ఫోను పట్టుకుంది. "మీరూ రండి" అని మొగుణ్ణి పిలిచింది. అతను మాసిన గడ్డం తడుముకుంటూ ఆమె భుజం పక్కగా తలపెట్టాడు. మళ్లీ తీసిన ఆవలింత ఫొటోలో ముగ్గురూ పడ్డారు.

అన్నీ అయ్యాక మెకానిక్కు ఫోను చేతిలోకి తీసుకుని తాళాలక్క వంక చూశాడు. ఆవిడ తలూపింది. అతను సిగ్నలు తెరిచాడు. మెయిలు వెళ్లిందో లేదో చూసేలోపే తెర నల్లబడి, కొత్త ఫోనులా తెల్లగా వెలిగింది. మంచం చివర పడేసిన ఆ ఫోను వంక మళ్లీ ఎవరూ చూడలేదు. ముగ్గురూ తాళాలక్క ఫోను మీదికి వంగి, మొదటినుంచి చూడడం మొదలుపెట్టారు.