మాస్టారి పటంలో ఎర్రచుక్క

సోమయాజులు మాస్టారు పరమపదించారని వారి అమ్మాయిగారు ఫోను చేసినప్పుడు, కలప అడితిలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉండిపోయాను. దుఃఖం కంటే ముందు భయం పట్టుకుంది. చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఆయన్ని పంపేశాను.

ఆయన రామచంద్రపురంలో జంతుశాస్త్ర ఉపన్యాసకులు. నేను మండపేటలో దుంగలు దింపే కూలీని. దుంగల సందుల్లోంచి వచ్చే జెర్రుల్ని చెప్పుతో కొట్టేవాళ్ళం. ఓరోజు తలుపు చెక్కకొచ్చిన మాస్టారు "ఆగండాగండి!" అంటూ అడ్డుపడి, జానెడు జెర్రిని పటకారుతో సీసాలోకి దించారు.

"రంగు చూసి పేరు పెట్టకూడదు సత్తెయ్యా. ఒకే జాతి ఓ చోట ఎర్రగా, ఓ చోట పచ్చగా ఉంటుంది. చివరి కాళ్ళ మీద ముళ్ళు లెక్కపెట్టాలి."

"అది కుట్టేలోపేనాండీ?" అన్నాను. పగలబడి నవ్వారు.

నలభై దాటాక నాకు అక్షరాలు దిద్దించిన మహానుభావుడు ఆయనే, నేను పట్టిచ్చే జెర్రుల సీసాల మీద చీటీలు రాయడానికి. "ఎక్కడ దొరికిందో రాయకపోతే అది జెర్రి కాదయ్యా, ఉత్త పెంకు" అనేవారు.

ఓ ఆదివారం కొబ్బరితోటల్లో వెతకమన్నారు. బద్ధకించాను. ముందురోజు ఏజెన్సీ కొండల నుంచి వచ్చిన కలప లారీలో దొరికినదాన్నే ఇచ్చి, చీటీ మీద 'మండపేట, కొబ్బరితోట' అని రాశాను. మాస్టారు భూతద్దం దించి, "ఇది కొండజాతి! డెల్టాలో లేదనుకున్నాను. నిజంగా తోటలోనేనా?" అన్నారు.

"మీ మీద ఒట్టండీ" అన్నాను.

వాళ్ళింటి గోడ మీది జిల్లా పటంలో మండపేట దగ్గర ఎర్రచుక్క పెట్టారు.

"ఒక్కటి దొరికితే చుట్టపుచూపు. రెండోది దొరికితేనే కాపురం" అని, ఏటా తొలకరికి తోటల్లో మట్టలెత్తి చూసేవారు. రిటైరయ్యాక, మోకాళ్ళు వంగకపోయినా మానలేదు. ఓసారి జెర్రి కుట్టి చెయ్యి వాచిపోతే, "ఇదీ మామూలుదేనయ్యా" అని చిన్నబోయారు. లేదని తెలిసీ పక్కన నేనూ మట్టలెత్తాను. కిందటి వానాకాలం, "ఈ ఏడైనా చూస్తామంటావా?" అని అడిగారు.

"చూస్తామండీ" అన్నాను. సిగ్గులేని నోరు.

పెద్దకర్మ నాడు అమ్మాయిగారికి అంతా చెప్పేశాను. ఆవిడ లోపలికి వెళ్ళారు. ఆ సీసా తెచ్చి నా ముందు పెట్టి, "మీరే రాయండి" అన్నారు. పాత చీటీ పీకి కొత్తది అంటించాను: 'ఏజెన్సీ కలప లారీలో దొరికింది. తోట అబద్ధం. రాసింది సత్తెయ్య.'

ఆ పటం చూసి పాఠాలు రాసుకున్న శిష్యులారా, మీ పుస్తకాల్లో కూడా ఆ చుక్క కొట్టేయండి. అంతటి సత్యశోధకుడు, అంత నమ్మే మనిషి మనకి మళ్ళీ దొరకరు. 'నిజంగా తోటలోనేనా?' అని ఆయన అడిగినదానికి జవాబు ఇప్పుడా సీసా మీద ఉంది. చదివి చూసుకోవలసిన ఆయనే లేరు.