అయిదో మచ్చ

మా బాటనీ సార్ పోయారని మార్కాపురం నుంచి ఆయన భార్య ఫోన్ చేసేసరికి నేను గిద్దలూరులో కాలేజీ ల్యాబ్‌లో పిల్లల రికార్డులు దిద్దుతున్నాను. చేతిలో ఉన్నది పూర్తిచేసే లేచాను. సగంలో వదిలేస్తే ఆయనకు నచ్చదు.

ఆయన ఏళ్ల తరబడి వెంటపడిన మొక్క ఈక్విజిటమ్. వాగు ఇసుకలో, ఆకులంటూ కనపడకుండా, కణుపులు కణుపులుగా పచ్చటి పుల్లలా పెరుగుతుంది. ఇంగ్లీషువాళ్లు గుర్రపు తోక అంటారు. కొనకనమిట్ల దగ్గర మా ఊళ్లో దానికి పేరే లేదు. "గొర్రె ముట్టని గడ్డికి చదువేందమ్మా?" అని మా నాయన నవ్వేవాడు.

అందులోని ఫ్లేవనాయిడ్లను, అంటే ఎండ నుంచి మొక్కను కాచే పదార్థాలను, సార్ కాగితం మీద విడదీసేవారు. అడుగున గీత గీసి, దాని మీద మొక్క రసం చుక్క పెట్టి, కాగితాన్ని ద్రావకంలో నిలబెడితే అవి వేరువేరుగా పైకి పాకుతాయి. మామూలుగా కనపడవు. అమోనియా సీసా మూతి దగ్గర పట్టుకుంటే పసుపు మచ్చలై తేలి, కాసేపటికి మాయమవుతాయి. ఆలోపే పెన్సిల్‌తో సున్నా చుట్టాలి.

డిగ్రీలో నేను ఆ గీతను పెన్నుతో గీశాను. సిరా పాకి ఊదా మచ్చయింది. కొత్త పదార్థం కనిపెట్టానని క్లాసంతా చాటాను. సార్ నవ్వలేదు. "పెన్నుతో గీసినాను, సిరా పాకింది అని రికార్డులో రాయమ్మా. ఏం జరిగిందో అదే రాయాల," అన్నారు. సిగ్గుతో చచ్చిపోతూనే రాశాను.

సార్ వయసులో ఉండగా, నాలుగు మచ్చల పైన అయిదోది ఒకటి కనిపించింది. ఒక్కసారే. ఎన్నిసార్లు చేసినా మళ్లీ రాలేదు. అయిదు ఉన్నాయని రాసెయ్యమని గైడు చెప్పినా రాయలేదు. పీహెచ్‌డీ అక్కడే ఆగిపోయింది. చెప్పొద్దూ, ఆ మొండితనం మీద నాకు చాలా కోపం ఉండేది.

పోయినేడు మంచాన పడ్డాక నన్ను పిలిపించి, "నువ్వొకసారి చూడమ్మా," అన్నారు. అదే వాగు నుంచి మొక్క తెచ్చి మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నాలుగే. ఉందని చెబితే ఎవరికి నష్టం అని మార్కాపురం బస్సులో దారంతా అనుకున్నాను. తీరా ఆయన ఎదుట కూర్చున్నాక అబద్ధానికి నోరు రాలేదు.

"రాలేదు సార్."

"గీత దేంతో గీసినావు?"

"పెన్సిల్‌తోనే సార్."

"అట్లయితే లేదు," అని కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరవకుండానే, "టీ తాగి పో," అన్నారు.

పెద్దదినం నాడు కర్మకు వెళితే, సార్ భార్య ఆయన దిండు కింద దొరికిన పాత కాగితం నా చేతిలో పెట్టారు. పసుపు ఎప్పుడో పోయింది. అయిదు సున్నాలు మిగిలాయి. అయిదోదాని పక్కన, వణికిన చేత్తో ఈమధ్య రాసిన మాట ఒకటి: "లేదు". అదీ పెన్సిల్‌తోనే.