బిగ్ మదర్

నిన్న పొద్దున టాంపినీస్‌లో ట్రైన్ ఎక్కి ఆఫీసుకు వెళ్తుంటే మా అమ్మాయి నిత్య ఇంటి నుంచి ఫోన్ చేసింది.

"మా... పెద్దమ్మ నో మోర్."

ఏ పెద్దమ్మ అని అడిగాను. ఉన్నది ఒక్కతే.

ఉమ అక్క. మావారి అన్నగారి భార్య, నా తోడికోడలు. యీషున్‌లో ఉండేది. రాత్రి బాగానే పడుకుందట, పొద్దున లేవలేదు. గుండె అన్నారు.

తర్వాతి స్టేషన్‌లో దిగిపోయి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. అప్పుడు మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన నివాళి రాసే ఇలాంటి చోట రాయడం బాగోదు. అయినా రాస్తున్నాను.

ఈ సంగతి నాకన్నా ముందు నిత్యకు ఎలా తెలిసింది?

కంగారులో బావగారు అక్క ఫోనే తీసుకుని, పైన కనిపించిన నంబర్ నొక్కారట. అది నిత్యది. వాళ్ళిద్దరూ అంత తరచుగా మాట్లాడుకుంటారని నాకు తెలియదు.

అక్క పోయిన రోజున కూడా నాకు ఆవిడ మీద అసూయే కలిగింది.

ఈ దేశంలోనే పుట్టి పెరిగిన నిత్య నన్ను 'మా' అంటుంది. వాళ్ళ నాన్న 'డాడ్'. అమ్మ అన్న మాట మా పిల్ల నోట నిండుగా వచ్చేది పెద్దమ్మ అన్నప్పుడే.

నాతో ఇంగ్లిష్. ఆవిడతో తెలుగు. తప్పులతో, నవ్వుతూ.

టాబ్లెట్ గొడవ మనవాళ్ళలో చాలామందికి తెలుసు. తెలిసింది సగమే.

నిరుడు నిత్య డిజైన్ కోర్సులో చేరినప్పుడు బొమ్మలు వేసుకోవడానికి ఆన్‌లైన్‌లో టాబ్లెట్ తెప్పించాం. వచ్చిన కొన్నాళ్ళకు బల్ల మీద పెట్టి చూస్తే ఒక మూల లేస్తోంది. మధ్యలో సన్నగా వంగి ఉంది.

వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్ళు కుదరదన్నారు. మా ప్యాకింగ్ బాగానే ఉంది, మీ దగ్గరే వంగి ఉంటుంది అని మెయిల్.

నేను నిత్యను అడిగాను. బ్యాగులో బరువు కింద పెట్టావా, చూసుకోకుండా దాని మీద కూర్చున్నావా, బాగా గుర్తు తెచ్చుకో అని. ఏ తల్లయినా అడుగుతుంది. అడగడం తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

నిత్య టాబ్లెట్ తీసుకుని యీషున్‌లో పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ శనివారం అక్క, నిత్య, నేను ముగ్గురం అమ్మినవాళ్ళ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాం. మేనేజర్ మకాన్‌కు, అదే భోజనానికి, వెళ్ళారు, వచ్చేదాకా నేనేమీ చేయలేను అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. అక్క కుర్చీ లాక్కుని కూర్చుని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పులిహోర డబ్బా తీసింది. అయితే మన మకాన్ కూడా కానిద్దాం అంది.

నేను సిగ్గుతో చచ్చాను. నిత్య తింది.

మేనేజర్ వచ్చాక ఆవిడ ఇక్కడివాళ్ళ యాస ఇంగ్లిష్‌లో చెప్పింది ఒకటే. బాక్స్ ఓపెన్, ఆల్రెడీ బెంట్ లా. ఆయన ఎన్ని ప్రశ్నలు మార్చి మార్చి వేసినా అదే. అందులో ఒక్క 'మేబీ' లేదు. నేను పంపిన మెయిల్ నిండా అవే.

"యూ ఆర్ ద మదర్?" అని ఆయన ఆవిడనే అడిగాడు.

"బిగ్ మదర్," అంది అక్క.

ఆయన నా వైపు తిరిగాడు. "దెన్ దిస్ వన్?"

నిత్య పకపకా నవ్వింది. నా ప్రశ్నలు విన్నాక మా పిల్ల నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వాను, నవ్వాలి కాబట్టి.

చివరికి ఆయన, తప్పు మాది కాకపోయినా గుడ్‌విల్ కింద మార్చి ఇస్తామన్నాడు. నేను వెంటనే థాంక్యూ అన్నాను. అక్క కదల్లేదు.

ఇస్తున్నారుగా, తీసుకుని వెళ్దాం అక్కా అని చెయ్యి లాగాను.

"వస్తువు కోసం వచ్చామా సుధా? దీని మొహం చూడు."

చూశాను. నవ్వు పోయింది. తప్పు వాళ్ళది కాకపోతే ఎవరిదన్నట్టు?

పిల్ల వంచలేదని పిల్లకే చెప్పమని అక్క మేనేజర్‌ను అడిగింది. ఆయన ఇబ్బందిగా కాసేపు కంప్యూటర్ వైపు చూశాడు. తర్వాత నిత్యతో అన్నాడు.

"ఓకే గర్ల్. నాట్ యూ."

తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్‌లో నిత్య నిద్రపోయింది. ఆవిడ భుజం మీద.

ఇటుపక్క నేనూ కూర్చునే ఉన్నాను.

ఎవరికీ తెలియని సగం ఇప్పుడు చెప్తాను. ఆ తర్వాతెప్పుడో వంటింట్లో అక్కను అడిగాను, నిజంగా అది వంగే వచ్చిందంటావా అని.

"నాకేం తెలుసే? నేను చూశానా?"

మరి అంత గట్టిగా ఎలా చెప్పావన్నాను. అక్క ఉల్లిపాయలు తరగడం ఆపలేదు.

"అడగాల్సింది నువ్వు అడిగావుగా. ఇద్దరం అదే అడిగితే పిల్ల ఎక్కడికి పోతుంది?"

నన్ను తప్పుపట్టి ఉంటే కాస్త పోట్లాడేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

తెలియకుండా నమ్మడం మంచిదేనా? నాకు తేలదు. ఆ టాబ్లెట్ ఎలా వంగిందో ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంటుంది. ఆవిడకు ఉండేది కాదు. అంత తేలిగ్గా ఉండగలిగే మనిషిని చూస్తే ఒళ్ళు మండేది. అలా నాకూ వస్తే బాగుండునని అంతకన్నా ఎక్కువ అనిపించేది.

ఈ మధ్యాహ్నం అక్కను పంపించి వచ్చాం. వాళ్ళ అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద, చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం వేసిన కుర్చీలు ఇంకా తీయలేదు. నాతో ఇంటికి రానంది నిత్య.

"పెదనాన్న ఒక్కరే అయిపోతారు. నేను ఇక్కడ ఉంటాను."

ఒక్క ఇంగ్లిష్ ముక్క లేకుండా చెప్పింది. అంత తెలుగు ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఆ ఏడుపులో కూడా మళ్ళీ కుళ్ళుకున్నాను.

ఎన్నాళ్ళు ఉంటావు, క్లాసుల సంగతేంటి, బట్టలు తెచ్చుకున్నావా... అన్నీ నోటిదాకా వచ్చాయి.

సరే నాన్నా, ఉండు అన్నాను. ఒక్కటీ అడగలేదు.

ఇది ఇంత కష్టమని నాకు తెలియదు అక్కా. నువ్వు చేస్తుంటే ఏమీ కానట్టే ఉండేది.

వెళ్ళిరా. అక్కడ ఎవరి తరఫునా పోట్లాడే పని లేకుండా నీ ప్రాణం హాయిగా ఉండాలి.