మామ చెప్పిన పొట్టి ఏరు

మా ఎదురింటి మిలిటరీ మామ మొన్న మంగళవారం పొద్దున పోయాడు. అత్త కేక వేసి చెబితే నేను నమ్మలేదు. నా అబద్ధాలన్నింటికీ ఇద్దరూ కలిసి ఇవాళ బదులు తీర్చుకుంటున్నారనుకొని నవ్వాను కూడా. పోయి చూస్తే మంచం మీద మామ. పక్కన గ్లాసులో టీ ఇంకా వెచ్చగానే ఉంది.

కంబదూరు పక్కన మా ఊళ్లో ఏడాది పొడవునా పారే నీళ్లు చూసినవాళ్లు తక్కువ. మామ చూశాడు. ఉత్తరాన కొండల్లో కాపలా ఉన్నప్పుడు, మంచుగడ్డ కింద పుట్టే ఏరును. పొద్దున దాని పుట్టుక దగ్గర బయలుదేరితే కూటి వేళకల్లా అది పెద్ద నదిలో కలిసే చోటికి చేరతామట.

"పొట్టిదప్పా, మన వంకంత కూడా ఉండదు. ఎండ ముదిరే కొద్దీ ఇంకా ఎక్కువ పారుతాది."

"ఎండకు నీళ్లు పెరుగుతాయా? రమ్ము ఎక్కువ పోసినారేమో మామా!"

"ఎనిమిదో తరగతి తప్పినోడివి, నీకేం తెలుసు లేరా."

మీరు నవ్వుతారేమో గానీ, ఎండిన మా వంక దాటేటప్పుడు కూడా మామ పంచె పైకెత్తేవాడు. ఎందుకని అడిగితే, "నీళ్లు చెప్పి రావప్పా" అనేవాడు. పారే నీళ్లకు ఇవ్వాల్సిన మర్యాద నాకు తెలిసింది ఆయన వల్లే.

నేను కల్యాణదుర్గానికి ఆటో తోలుతాను. "ఒక ఐసు దిమ్మె తీసుకురా అల్లుడా, ఎండకు ఏరు ఎట్ల పెరుగుతాదో చూపిస్తా" అని నెల నుంచి అడుగుతున్నాడు. ఒకసారి డబ్బాలో తెల్లరాయి పెట్టి ఇచ్చాను. ఆశగా మూత తీసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"రేపన్నా తెస్తావా?" సోమవారం అడిగాడు.

"తెస్తా మామా."

తెచ్చాను. మామ కూతురు ముంబై నుంచి రావాలి, అంతదాకా మామను ఉంచడానికి ఫ్రీజర్ పెట్టె యాడా దొరకలేదు. ఆటో నిండా ఐసు దిమ్మెలు. అన్నీ నేనే దించాను.

"ఇప్పుడు తెచ్చినావా అల్లుడా," అంది అత్త. తిట్టినా బాగుండేది.

పన్నెండు దాటాక వరండాలో మామను పడుకోబెట్టిన బల్ల కింద నీళ్లు చేరాయి. ఎండ ముదిరే కొద్దీ ధార లావెక్కింది. మెట్టు దిగి, వాకిట్లో దుమ్మును తోసుకుంటూ వీధి కాలువలో కలిసింది. నిండా పది అడుగులు లేదు.

ఇంకో దిమ్మె కోసం పోతూ, లుంగీ పైకెత్తి దాటాను.